ఆసుపత్రి ఓపీ, బిల్లు, బీమా: తిరుపతి, చిత్తూరు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

రుయాలో ఓపీ చీటీ దగ్గరే పొద్దంతా పోతోంది. తొందరగా అయ్యే దారి ఉందా?

రుయా తిరుపతిలోని పెద్ద ప్రభుత్వ బోధనాసుపత్రి. అక్కడికి తిరుపతి వాళ్లే కాదు, కడప, అన్నమయ్య, నెల్లూరు జిల్లాల నుంచి కూడా రోగులు వస్తారు. సోమవారం, వరుస సెలవుల తర్వాతి రోజు రద్దీ మరీ ఎక్కువ. అర్జెంటు కాకపోతే వారం మధ్యలో వెళ్లండి. ఫోన్‌లో ఆభా ఖాతా (14 అంకెల ఆరోగ్య సంఖ్య) ముందే తెరిచి పెట్టుకోండి. ఓపీ కౌంటరు దగ్గర క్యూఆర్ కోడ్ అతికించి ఉంటే దాన్ని స్కాన్ చేసి పేరు, వయసు పంపితే టోకెన్ వస్తుంది. పెద్ద వరుస తప్పుతుంది.

ఎక్కువ మందికి తెలియని సంగతి ఇంకొకటి. బోధనాసుపత్రిలో ఒక్కో విభాగంలో రెండు మూడు యూనిట్లు ఉంటాయి. ఒక్కో యూనిట్‌కు వారంలో కొన్ని రోజులే ఓపీ. మొదటిసారి చూసిన యూనిట్ పేరు మీ చీటీ మీద ఉంటుంది. వేరే రోజు వెళితే వేరే డాక్టర్లు ఉంటారు, మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి, చాలాసార్లు అవే పరీక్షలు మళ్లీ రాస్తారు. "మీ యూనిట్ ఓపీ ఏయే రోజులు?" అని మొదటి రోజే అడిగి చీటీ వెనక రాసుకోండి.

డాక్టరు రెండు నిమిషాలు కూడా చూడటం లేదు. చెప్పాలనుకున్నది చెప్పలేకపోతున్నాం.

ఆ రెండు నిమిషాలు మారవు కాబట్టి వాటిలో ఏం చెప్పాలో ముందే రాసి పెట్టుకోండి. ఒక తెల్ల కాగితం మీద ఐదు సంగతులు చాలు: ఏ బాధ, ఎన్ని రోజులుగా, ఇప్పుడు వాడుతున్న మందులు మోతాదుతో సహా, గతంలో జరిగిన ఆపరేషన్లు, పడని మందులు. మందుల పేర్లు నోటితో చెప్పడం కన్నా ఖాళీ అట్టలు సంచిలో వేసుకుని పోవడం మేలు. "తెల్ల మాత్ర, పొద్దున ఒకటి" అంటే డాక్టరుకు ఏమీ అర్థం కాదు.

లేవబోయే ముందు మూడు అడగండి. జబ్బు పేరేమిటి, ఈ పరీక్ష దేనికి, మళ్లీ ఎప్పుడు రావాలి. మొదటిదానికి జవాబు చీటీ మీద రాయించుకోండి. రేపు బీమాకైనా, రెండో డాక్టరుకైనా పనికొచ్చేది ఆ ఒక్క పదమే.

వేలూరుకో చెన్నైకో రెండో అభిప్రాయానికి వెళ్లాలనుకుంటున్నాం. ఏం తీసుకుపోవాలి?

చిత్తూరు వాళ్లకు వేలూరు పక్క ఊరే. అయినా రిపోర్టు కాగితం ఒక్కటి పట్టుకుని వెళ్లి, బొమ్మలు లేవని తిరిగి వచ్చే వాళ్లు చాలామంది. స్కానింగుకు రిపోర్టుతో పాటు సీడీ గానీ ఫిల్ములు గానీ తప్పనిసరి. సర్జన్ రిపోర్టు మీద ఆధారపడడు, బొమ్మ తానే చూసుకుంటాడు.

క్యాన్సర్ అనుమానంతో ముక్క తీసి పరీక్ష చేయించి ఉంటే ఇది ఇంకా ముఖ్యం. ఆ ముక్కను ల్యాబ్‌లో మైనంలో పోసి గట్టి దిమ్మగా చేస్తారు, దాన్నే బ్లాక్ అంటారు. దాని నుంచి కోసిన పలచని పొరలే స్లైడ్లు. పెద్ద ఆసుపత్రులు మందు మొదలుపెట్టే ముందు వాటిని తామే మళ్లీ చూస్తాయి. అందుకని ల్యాబ్‌కు బ్లాక్, స్లైడ్లు రెండూ కావాలని రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి. ఇవ్వడానికి కొన్ని రోజులు పట్టొచ్చు, ప్రయాణం రోజు పొద్దున అడిగితే దొరకవు. బ్లాక్‌ను ఎండ తగిలే కారులో వదలకండి, మైనం మెత్తబడుతుంది.

వేలూరు సీఎంసీలో జనరల్, ప్రైవేట్ అని రెండు రకాల అపాయింట్‌మెంట్లు ఉంటాయి. ప్రైవేట్‌కు ఫీజు ఎక్కువ, సీనియర్ డాక్టరు చూస్తారు. ముందుగా బుక్ చేసుకోకుండా వెళితే లాడ్జి ఖర్చే మిగులుతుంది.

ఆరోగ్యశ్రీ ఇప్పటికీ ఉందా? కార్డు చూపిస్తే ఎక్కడైనా ఉచితమేనా?

ఉంది. పేరు ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. జనం నోట్లో ఇంకా ఆరోగ్యశ్రీయే. అయితే ఆసుపత్రి జాబితాలో ఉంటే సరిపోదు. మీ జబ్బుకు సంబంధించిన విభాగానికి ఆ ఆసుపత్రికి అనుమతి ఉండాలి, మీకు చేయబోయే చికిత్స పథకం జాబితాలో ఉండాలి. గుండెకు అనుమతి ఉన్నచోట కిడ్నీ రాళ్లకు ఉండకపోవచ్చు. ఈ మూడూ చేరకముందే వైద్య మిత్రను (పథకం తరఫున ఆసుపత్రిలో ఉండే సహాయకుడిని) అడిగి తెలుసుకోండి. అతని బల్ల పథకం జాబితాలోని ప్రతి ఆసుపత్రిలో ఉంటుంది. లేడంటే 104కు ఫోన్ చేయండి.

రైసు కార్డులో రోగి పేరు లేకపోవడం, ఆధార్‌లో పేరు ఒకలా కార్డులో ఇంకొకలా ఉండటం ఎక్కువగా ఆపేసే కారణాలు. వీటిని గ్రామ లేదా వార్డు సచివాలయంలో ముందే సరిచేయించుకోండి. కొత్త కోడలి పేరు, పుట్టిన బిడ్డ పేరు చేర్చడం మరచిపోయి, తీరా ఆపరేషన్ నాడు పరుగులు పెట్టే ఇళ్లు ఎన్నో.

పథకం కింద చేరిన రోగి నుంచి ఆ చికిత్సకు డబ్బు తీసుకోకూడదు. పరీక్షలు, మందులు, భోజనం, ఇంటికి వెళ్లే దారి ఖర్చు, డిశ్చార్జి తర్వాత పది రోజుల మందులు ప్యాకేజీలోనే ఉంటాయి. "ఇది పథకంలోకి రాదు, బయట కట్టండి" అని ఎవరైనా అంటే గొడవ పడకండి, "రసీదు ఇవ్వండి, ఏ వస్తువుకో రాయండి" అని మర్యాదగా అడగండి. ఆ మాటకే చాలామంది వెనక్కి తగ్గుతారు. రసీదు ఇస్తే అదే మీ ఫిర్యాదుకు ఆధారం. వైద్య మిత్ర, జిల్లా కోఆర్డినేటర్, 104, ఈ వరసలో వెళ్లండి.

బకాయిల కారణంగా ప్రైవేటు ఆసుపత్రులు సేవలు ఆపిన సందర్భాలు ఉన్నాయి, 2025 అక్టోబరులోనూ అలాగే జరిగింది. అలాంటప్పుడు అత్యవసరమైతే బేరాలతో సమయం పోగొట్టుకోకుండా రుయా, స్విమ్స్, చిత్తూరు జిల్లా ఆసుపత్రి వైపు కదలండి. ఎముకలు, కీళ్లకు అలిపిరి దారిలో టీటీడీ నడిపే బర్డ్ ఉంది. పేద రోగులకు ఖరీదైన చికిత్స పడినప్పుడు టీటీడీ ప్రాణదాన పథకం ఉంది. స్విమ్స్‌లో చేరితే దాని గురించి మొదటి రోజే అడగండి.

మా నాన్నకు 72. రైసు కార్డు లేదు. ఏదైనా దొరుకుతుందా?

70 నిండిన వారందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు వస్తుంది. 2024 అక్టోబరు 29 నుంచి ఇది ఉంది. కుటుంబంలోని 70 దాటిన వాళ్లందరికీ కలిపి ఏడాదికి 5 లక్షలు. సొంతంగా ప్రైవేటు పాలసీ ఉన్నా తీసుకోవచ్చు. ఆధార్‌లో పుట్టిన తేదీ సరిగా ఉందో లేదో చూడండి, వయసుకు ఆధారం అదొక్కటే. సందేహాలకు 14555.

ప్రైవేటు పాలసీ ఉంది, క్యాష్‌లెస్ (బిల్లు నేరుగా బీమా కంపెనీయే కట్టడం) అన్నారు. అయినా చేరేటప్పుడే 30 వేలు డిపాజిట్ ఎందుకు కట్టమంటున్నారు?

బీమా కంపెనీ అనుమతి రాకముందు ఆసుపత్రి తన జాగ్రత్తకు తీసుకునే డబ్బు అది. అనుమతి వచ్చాక బీమాలోకి రాని వస్తువుల కింద కొంత మినహాయించి మిగతాది తిరిగి ఇవ్వాలి. దీని రసీదును బిల్లు రసీదులతో కలిపి పోగొట్టుకోకండి, చివరి బిల్లులో అడ్వాన్సుగా తగ్గించారో లేదో చూసేటప్పుడు కావాలి.

ముందుగా నిర్ణయించుకున్న ఆపరేషన్ అయితే మూడు నాలుగు రోజుల ముందే ఆసుపత్రి బీమా కౌంటరుకు పాలసీ కాపీ, ఆధార్, డాక్టరు చీటీ, పరీక్షల రిపోర్టులు ఇచ్చి ముందస్తు అనుమతికి పంపించండి. నిబంధన ప్రకారం కంపెనీ ఒక గంటలో జవాబు ఇవ్వాలి. లక్ష అంచనాకు 40 వేలకే మొదటి అనుమతి వస్తే కంగారు పడకండి. అది తిరస్కారం కాదు. చికిత్స సాగేకొద్దీ ఆసుపత్రి పెంపు కోరుతూ మళ్లీ పంపుతుంది. పంపిందా లేదా అని రోజూ సాయంత్రం అడగడం మీ పని.

ఆసుపత్రి మీ కంపెనీ నెట్‌వర్క్‌లో (ఒప్పందం ఉన్న ఆసుపత్రుల జాబితాలో) లేకపోయినా దారి ఉంది. 2024 జనవరి నుంచి ఎక్కడైనా క్యాష్‌లెస్ అనే ఏర్పాటు ఉంది. ముందుగా అనుకున్న చికిత్సకు 48 గంటల ముందు, అత్యవసరమైతే చేరిన 48 గంటల్లోపు కంపెనీకి తెలపాలి. ఆసుపత్రి కూడా ఒప్పుకోవాలి. చిక్కు అంతా అక్కడే.

చేరేటప్పుడు నర్సు అడిగిన ప్రశ్నలకు ఏదో చెప్పాం. ఇప్పుడు "షుగర్ దాచారు" అని క్లెయిము తిరస్కరించారు. ఎట్లా?

క్లెయిములు పోయే కారణాల్లో మేం ఎక్కువగా చూసేది ఇదే, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాం.

క్యాజువాలిటీలో రోగి మాట్లాడే స్థితిలో ఉండడు. పక్కన ఉన్న బంధువు, అల్లుడో మేనల్లుడో, "ఆయనకు షుగర్ ఎప్పటి నుంచో ఉంది, పదేళ్లు ఉంటుంది" అంటాడు. నిజానికి అది మూడేళ్ల కిందట బయటపడి ఉంటుంది. జూనియర్ డాక్టరు కేస్ షీటులో "పదేళ్లుగా షుగర్" అని రాస్తాడు. అదే వాక్యం డిశ్చార్జి సమ్మరీలోకి వెళుతుంది. పాలసీ నాలుగేళ్ల కిందటిది అయితే, కొనేటప్పటికే జబ్బు ఉందని, చెప్పలేదని కంపెనీ అంటుంది.

జబ్బు దాచమని మేం చెప్పడం లేదు. మత్తు ఇచ్చే డాక్టరుకు షుగరు, బీపీ, గుండె మాత్రల సంగతి దాచితే ప్రాణం మీదికొస్తుంది. తెలిసిన మాట మాత్రమే చెప్పండి. సంవత్సరం తెలియకపోతే "ఎప్పుడు మొదలైందో తెలియదు, పాత చీటీలు తెచ్చి చూపిస్తాం" అనండి. సమ్మరీ చేతికి వచ్చిన క్షణమే, ఆసుపత్రి గడప దాటకముందే, ఈ నాలుగు చదవండి: పాత జబ్బుల గురించి రాసిన వాక్యం, వయసు, చేరిన తేదీ-సమయం, చివరికి తేల్చిన జబ్బు పేరు. తప్పు ఉంటే చికిత్స చేసిన డాక్టరు చేతే తేదీ, సంతకం, ముద్రతో సవరణ రాయించుకోండి. పాత వాక్యం కొట్టేసి పైన రాయనివ్వకండి, అది దిద్దుబాటుగా కనిపించి అనుమానం పెంచుతుంది.

ఇప్పటికే తిరస్కరించి ఉంటే, జబ్బు మొదట ఎప్పుడు బయటపడిందో చూపే కాగితం వెతకండి: మొదటి షుగర్ రిపోర్టు, మొదటి మందుల చీటీ. దానికి డాక్టరు వివరణ లేఖ జత చేసి పునఃపరిశీలన కోరండి. కంపెనీ తిరస్కరిస్తే ఏ షరతు కింద తిరస్కరించిందో రాతలో చెప్పాలి. వాళ్ల క్లెయిముల సమీక్ష కమిటీ ఒప్పుకోకుండా తిరస్కరించకూడదు. పాలసీ ఆగకుండా 60 నెలలు నడిచి ఉంటే, మోసం రుజువు చేస్తే తప్ప దాచారన్న కారణం చెల్లదు. ముందు నుంచి ఉన్న జబ్బులకు వేచి ఉండే కాలం కూడా 36 నెలలు మించకూడదు.

"చేరాల్సిన అవసరమే లేదు, పరీక్షల కోసం చేరారు" అని రాశారు.

జ్వరాల కాలంలో ఇది ఎక్కువ. రెండు రోజులు ఉంచి, మాత్రలే ఇచ్చి, పరీక్షలు చేసి పంపితే కంపెనీ ఇలాగే అంటుంది. ప్లేట్‌లెట్ల సంఖ్య, బీపీ పడిపోవడం, ఆగని వాంతులు, సెలైన్ ఎక్కించిన లెక్క, ఇవి నర్సు చార్టులో ఉంటాయి కానీ సమ్మరీలో ఉండవు. ఇంట్లో ఉండి మాత్రలతో ఎందుకు కుదరలేదో డాక్టరు రెండు వాక్యాలు రాసి ఇస్తే, చార్టు కాపీతో పాటు పంపండి.

డిశ్చార్జి పొద్దున్నే అన్నారు, రాత్రి ఎనిమిదయింది. కంపెనీ మూడు గంటల్లో తేల్చాలి కదా?

మూడు గంటల గడువు నిజమే, 2024 మేలో వచ్చిన నిబంధన అది. ఆ గడువు దాటిన జాప్యానికి ఆసుపత్రి అదనంగా వసూలు చేస్తే దాన్ని కంపెనీయే భరించాలి. అయితే గడియారం మొదలయ్యేది ఆసుపత్రి చివరి బిల్లు కంపెనీకి పంపిన క్షణం నుంచి. అంతకు ముందు జరిగేది లెక్కలోకి రాదు, ఆలస్యం ఎక్కువగా అక్కడే.

రౌండ్లలో డాక్టరు "వెళ్లొచ్చు" అంటాడు. తర్వాత సమ్మరీ టైపు కావాలి, పెద్ద డాక్టరు సంతకం పెట్టాలి. వాడని మందులు ఫార్మసీకి తిరిగి వెళ్లాలి. ల్యాబ్, ఆపరేషన్ థియేటర్, ఫార్మసీ లెక్కలు బిల్లింగుకు చేరాలి. అప్పుడే బీమా కౌంటరు పంపుతుంది. అందుకని ముందు రోజు సాయంత్రమే సమ్మరీ సిద్ధం చేయమని అడగండి, మిగిలిన మందులు ఆ రాత్రే తిరిగి ఇప్పించండి. "ఎన్ని గంటలకు పంపారు?" అని అడిగి ఆ సమయం రాసుకోండి. కంపెనీ యాప్‌లోనూ కనిపిస్తుంది. కంపెనీ ప్రశ్న వేస్తే జవాబు ఇవ్వాల్సింది డాక్టరు. ఆయన ఓపీలో ఉంటే ఆ కాగితం బల్ల మీదే పడి ఉంటుంది. మీరే తీసుకెళ్లి చూపించండి.

పాలసీ 5 లక్షలు. బిల్లు లక్షా ముప్పై వేలే. అయినా 38 వేలు ఎందుకు కట్టమన్నారు?

గది అద్దె పరిమితి వల్ల. లెక్క చూడండి. పాలసీలో గది అద్దె రోజుకు 1 శాతం, అంటే 5,000. మీరు 8,000 గది తీసుకుని నాలుగు రోజులు ఉన్నారు. గది 32,000, డాక్టర్లు, థియేటర్, నర్సింగ్ 60,000, మందులు 25,000, పరీక్షలు 13,000. గదికి 20,000 వస్తుంది. డాక్టర్లు, థియేటర్ వగైరా కూడా గది స్థాయిని బట్టి పెరుగుతాయి కాబట్టి 8లో 5 వంతులే, 37,500. మందులు, పరీక్షల 38,000లో చేతి తొడుగులు, మాస్కులు లాంటి బీమా ఇవ్వని వస్తువులు 4,000 పోను 34,000. మొత్తం 91,500. మీ వాటా 38,500.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. మందులు, వాడి పారేసే వస్తువులు, స్టెంటు లాంటి పరికరాలు, పరీక్షలు, ఐసీయూ అద్దె, వీటికి ఈ దామాషా కోత వర్తించదు. కొన్నిసార్లు మొత్తం బిల్లుకూ కోత వేసేస్తారు. పై లెక్కలో అలా వేస్తే మీకు ఇంకో 12,750 నష్టం. కోత కాగితం అడిగి వరస వరస చూడండి. రోజుకు 5,000 దాటిన గదికి 5 శాతం జీఎస్టీ కూడా ఉంటుంది, దాన్ని పైన కలపలేదు. గది ఎంచుకునే ముందు పాలసీలో ఈ ఒక్క వాక్యం వెతకండి. అసలు ఇలాంటి పరిమితి లేని పాలసీకి ప్రీమియం కొంచెం ఎక్కువైనా అదే నయమని మా అభిప్రాయం.

బిల్లులో ఏం చూడాలి?

మొత్తం అంకె కాదు, వివరాల బిల్లు అడగండి. డాక్టరు రోజుకు ఎన్నిసార్లు చూసినట్టు వేశారు, ఆక్సిజన్ గంటలు ఎన్ని, తిరిగి ఇచ్చిన మందుల సొమ్ము తగ్గించారా, ఒకే పరీక్ష రెండుసార్లు పడిందా, ఐసీయూ అద్దెలోనే ఉండాల్సిన మానిటర్‌కు విడిగా వేశారా చూడండి. స్టెంటు, మోకాలి చిప్పల ధరలకు 2017 నుంచి ప్రభుత్వ పరిమితి ఉంది. ఆ పరికరం స్టిక్కరు, ఇన్వాయిస్ రెండూ అడిగి తీసుకోండి.

డబ్బు కట్టి తర్వాత తెచ్చుకునే క్లెయిముకు ఏ కాగితాలు?

క్లెయిము ఫారం రెండు భాగాలు, ఒకటి మీరు, ఒకటి ఆసుపత్రి నింపాలి. డిశ్చార్జి సమ్మరీ, వివరాల బిల్లు, చెల్లింపు రసీదులు, మందుల బిల్లులకు డాక్టరు చీటీ, రిపోర్టులు, రద్దు చేసిన చెక్కు, ప్రమాదమైతే ఎంఎల్‌సీ (ఆసుపత్రి రాసే మెడికో లీగల్ కాగితం) లేదా ఎఫ్ఐఆర్. గడువు పాలసీని బట్టి, ఎక్కువగా 15 నుంచి 30 రోజులు. అన్నీ స్కాన్ చేసుకున్నాకే అసలువి పంపండి. చేరకముందు, తర్వాత అయిన ఖర్చులకు (చాలా పాలసీల్లో 30 రోజులు, 60 రోజులు) విడిగా పెట్టుకోవచ్చు, ఎక్కువ మంది మరచిపోయే డబ్బు ఇది. ముఖ్యమంత్రి సహాయ నిధికి ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా పెట్టాలన్నా అసలు బిల్లులు అడుగుతారు. కాబట్టి ఏ దారి అన్నది ముందే తేల్చుకోండి.

రోడ్డు ప్రమాదం జరిగితే?

108. దగ్గర్లోని ఏ ఆసుపత్రి అయినా డబ్బు, పోలీసు కాగితం అడగకుండా మొదటి చికిత్స చేయాలి, 1989లో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఇది. 2025 మే నుంచి కేంద్ర పథకం కింద ప్రమాద బాధితుడికి 7 రోజుల వరకు, 1.5 లక్షల వరకు నగదు లేకుండా చికిత్స ఉంది.

ఎంత తిరిగినా కంపెనీ వినడం లేదు. ఎక్కడికి వెళ్లాలి?

మొదట కంపెనీ ఫిర్యాదుల అధికారికి ఈ-మెయిలు. ఫోన్ మాటలు లెక్కలోకి రావు. తర్వాత బీమా భరోసా పోర్టల్ (బీమా నియంత్రణ సంస్థ ఫిర్యాదుల వెబ్‌సైటు), లేదా 155255. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు విని తీర్పు చెప్పే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు. మన రాష్ట్రానికి ఆ కార్యాలయం హైదరాబాద్ లక్డీకాపూల్‌లో ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల వరకు వింటారు. కంపెనీ చివరి జవాబు ఇచ్చిన ఏడాదిలోపు వేయాలి. తీర్పు కంపెనీని కట్టడి చేస్తుంది, మిమ్మల్ని కాదు. నచ్చకపోతే వినియోగదారుల కమిషన్ ఉంటుంది, దానికి గడువు రెండేళ్లు. ఒకేసారి రెండు చోట్లా వేయకండి, కమిషన్‌లో కేసు ఉంటే అంబుడ్స్‌మన్ తీసుకోడు.

ఆసుపత్రి కేస్ షీటు ఇవ్వడం లేదు.

రోగి గానీ, రోగి అనుమతి ఉన్నవారు గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. మాటతో కాకుండా అర్జీ రాసి, మీ దగ్గర ఉంచుకునే కాపీ మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. ముద్ర వేయనంటే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. డాక్టర్లు రికార్డులు మూడేళ్లు ఉంచాలన్నది నియమం కాబట్టి, తర్వాత చూద్దాంలే అని వదలకండి. ప్రైవేటు ఆసుపత్రి అప్పటికీ ఇవ్వకపోతే జిల్లా వైద్య ఆరోగ్య శాఖ అధికారికి ఫిర్యాదు రాసి, ముద్ర వేసిన ఆ అర్జీ కాపీ జత చేయండి.